సరిహద్దు సీమలో పురుడు

1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కొత్తగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాయి. బళ్లారితో సహా మిగిలినవన్నీ మైసూరు రాష్ట్రానికి, అంటే ఇవాళ్టి కర్ణాటకకు, వెళ్లాయి. పటం మీద గీత పడింది గానీ పెళ్లి సంబంధాలు ఆ గీతను లెక్కచేయలేదు. ఆలూరు పిల్లను సిరుగుప్పకు ఇస్తారు, మోకా పిల్లను రాయదుర్గానికి తెచ్చుకుంటారు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న పట్టింపు ఈ సీమలో ఇప్పటికీ గట్టిది. అందుకే నెలలు నిండుతున్న చూలింత ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళుతుంది, చంటిబిడ్డతో బాలింతగా తిరిగి వస్తుంది. ఆమె చేతిలోని కార్డు ఒక ప్రభుత్వానిది, పురుడు పోసే ఆసుపత్రి మరో ప్రభుత్వానిది.

ఈ సీమలో పురుళ్లు పోసిన చేతుల చరిత్రను వెనుదిరిగి చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. మంత్రసానిని పక్కకు తప్పించడానికి ప్రభుత్వాలు పడిన శ్రమలో సగమైనా ఆమెకు నేర్పడానికీ, ఆమె నుంచి నేర్చుకోవడానికీ పడలేదు. ఆ లోటు ఇవాళ్టి ప్రసవ వార్డుల్లో తెలుస్తోంది.

ఇంటి పురుడు అనగానే ముందూ వెనుకా చూసుకోని వ్యవహారం అనుకుంటాం. పాత గ్రంథాలు అలా చెప్పవు. చరక సంహిత శారీరస్థానంలో సూతికాగారం గురించి వివరంగా ఉంది. తొమ్మిదో నెల రాకముందే గదిని కట్టి సిద్ధం చేయాలి. నేల ఎలాంటిదై ఉండాలో, ద్వారం ఏ దిక్కున ఉండాలో రాశారు. నెయ్యి, నూనె, లవణాలు, సూదులు, పదునైన పనిముట్లు, నిప్పు, నీళ్లు అందుబాటులో ఉండాలన్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, చాలా కాన్పులు చూసిన, మనసుకు నచ్చిన, విసుగులేని స్త్రీలు చుట్టూ ఉండాలన్నారు. ఇవాళ వైద్యులు ప్రసవ ప్రణాళిక అంటున్నది ఇదే. అంత ఏర్పాటు కలవారి ఇళ్లకే సాధ్యమై ఉంటుందన్నది వేరే మాట.

పేదింటి పురుడు వేరు. దత్తమండలం పల్లెల్లో పురుడు పోసింది ఎక్కువగా మంగలి ఇళ్ల ఆడవాళ్లు. తెలుగు ప్రాంతాల్లో మంగలి స్త్రీలు మంత్రసానులుగా పనిచేయడాన్ని ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చయిన తన కులాల గ్రంథంలో నమోదు చేశాడు. కొన్ని ఊళ్లలో మాదిగ ఇళ్ల అవ్వలు చేసేవారు. బళ్లారి పల్లెల్లో ఒకే వీధిలో తెలుగూ కన్నడమూ మాట్లాడతారు గనక ఆమె ఒక ఇంట్లో మంత్రసాని, పక్కింట్లో సూలగిత్తి. కూలి కింద చాటలో జొన్నలో బియ్యమో, ఒక చీర, ఆకూ వక్కా ఇచ్చేవారు. పురుడు పోసినంతసేపూ ఆమె లేనిదే గడవదు. పదకొండో రోజు మైల స్నానం అయ్యాక అదే గడపలోకి ఆమెను రానివ్వరు. నెత్తురు తాకే పనిని తక్కువ కులాలకు వదిలేసిన సమాజం ఆ పనిలోని విద్యను కూడా తక్కువగానే చూసింది. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాల్సిందే అన్న సామెతను నవ్వుతూ వాడేస్తాం. ఆ పనికి ఒప్పుకోవడం తప్ప వేరే దారి లేని ఆడవాళ్లు ఆ సామెత వెనుక ఉన్నారు.

ఆ విద్య చిన్నది కాదు. పొట్ట మీద చేయి వేసి బిడ్డ తల ఎటుందో చెప్పేవారు. నొప్పులు నిజమైనవో కావో గుర్తుపట్టేవారు. తల్లిని వెల్లకిలా పడుకోబెట్టకుండా నడిపించేవారు, గొంతుకూర్చోబెట్టేవారు, దూలానికి కట్టిన తాడు పట్టుకోమనేవారు. నిటారుగా ఉన్నప్పుడు బిడ్డ కిందికి దిగడం తేలికని ఇవాళ ప్రసూతి శాస్త్రం కూడా ఒప్పుకుంటోంది. చాలాచోట్ల మాయ పడేదాకా బొడ్డు కోసేవారు కాదు. పుట్టిన వెంటనే బొడ్డు కోయకుండా కనీసం 1 నిమిషం ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెబుతోంది. అలా ఆగితే బిడ్డకు రక్తం దక్కుతుంది, రక్తహీనత తగ్గుతుంది.

అయితే ఆ పురుటింట్లో చావు కూడా ఉండేది. దాన్ని దాచి మంత్రసానిని పొగిడితే చనిపోయిన తల్లులకు అన్యాయం చేసినట్టే. బొడ్డు కోసిన కొడవలి అదే పూట గడ్డి కోసినది. తెగిన చోట పేడో బూడిదో అద్దేవారు. పురిటి బిడ్డల ధనుర్వాతం అక్కడి నుంచే వచ్చేది. మాయ రాకపోతే చేయి పెట్టి లాగేవారు. బాలింతకు నీళ్లు కూడా కట్టడి చేసే పథ్యం పెట్టేవారు. బిడ్డ అడ్డం తిరిగినా, గుర్రపువాతం (గర్భిణికి వచ్చే మూర్ఛ) వచ్చినా, నెత్తురు ఆగకపోయినా ఆమె చేతిలో మందు లేదు. వెనుక ఆసుపత్రి లేదు. 1876–78 కరవు మద్రాసు రాజధానిలో అందరికంటే ఘోరంగా పీడించిన జిల్లాల్లో బళ్లారి ఒకటి. తిండి లేక ఎండిన ఒళ్లతో కన్న తల్లులకు ఎంత నేర్పరి చేయి అయినా ఏం చేయగలదు?

మైల చేతులు పల్లె మంత్రసానివి మాత్రమే కావు. వియన్నా ఆసుపత్రిలో శవపరీక్ష గది నుంచి వచ్చిన వైద్యుల చేతులే సూతికా జ్వరాన్ని మోసుకొస్తున్నాయని 1847లో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ పట్టుకున్నాడు. సున్నపు క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాక చావులు ఒక్కసారిగా తగ్గాయి. ఆ ఆసుపత్రిలో మంత్రసానులు చూసుకునే విభాగంలో అంతకుముందు నుంచీ చావులు తక్కువే. ఈ సంగతి మన దేశానికి వచ్చిన దొరలు ఎక్కువగా గుర్తుపెట్టుకోలేదు.

మద్రాసులో ప్రసూతి ఆసుపత్రి 1844లో మొదలైంది. ఎగ్మూరు ఆసుపత్రిగా పేరుపడి, రాజధాని అంతటికీ మంత్రసానులను తయారుచేసే బడి అయింది. స్థానిక బోర్డులు ఏర్పడ్డాక అక్కడ చదివిన వాళ్లను తాలూకా కేంద్రాల్లో నియమించేవి. 1885లో ఆడవాళ్ల వైద్యం కోసం డఫరిన్ నిధి, 1903లో దాయీల, అంటే సంప్రదాయ మంత్రసానుల, శిక్షణ కోసం విక్టోరియా స్మారక నిధి వచ్చాయి. చదువుకున్న మంత్రసానులు చాలామంది క్రైస్తవ, ఆంగ్లో ఇండియన్ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. పట్నం దాటి వాళ్లు కదలలేదు. పల్లె వాళ్లను పిలవలేదు, పిలిచినా ఒక తాలూకాకు ఒక మనిషి ఏం సరిపోతుంది? 1926 మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం పేర్లు నమోదు చేసుకున్నవారికి గుర్తింపు ఇచ్చింది. నమోదు కాని పల్లె అవ్వ అప్పటి నుంచి కాగితం లెక్కలో లేనట్టే. ఆ కాలపు నివేదికల్లో దాయీ అనగానే మురికి, మూఢత్వం అన్న మాటలు వెంటబడి వస్తాయి. ఆమెకు సబ్బు, ఉడికించిన బ్లేడు, ఒక నమ్మకమైన పిలుపు ఇస్తే ఏమయ్యేదో చూడాలన్న ఆలోచన ఆ నివేదికల్లో చాలా అరుదు.

కర్నూలులో 1887లో పుట్టిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ ఎగ్మూరు ఆసుపత్రికి తొలి భారతీయ సూపరింటెండెంటు అయ్యారు. 1930లలో మద్రాసు నగరంలో తల్లుల మరణాలకు కారణాలను పరిశోధించారు. ఒక్కొక్క చావునూ లెక్కలోకి తీసుకుని, ఆ తల్లి ఎందుకు పోయిందో అడగడం మన దగ్గర బలపడింది ఇలాంటి పనితోనే. దేశ ఆరోగ్య స్థితిని పరిశీలించిన భోర్ కమిటీ 1946 నివేదిక దేశం మొత్తం మీద ఏడాదికి సుమారు 2 లక్షల మంది తల్లులు కాన్పు సంబంధమైన కారణాలతో పోతున్నారని అంచనా వేసింది. 1,000 కాన్పులకు 20 మంది. బళ్లారి లాంటి వానలేని సీమలో అంతకంటే మెరుగ్గా ఉండే అవకాశం లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ సీమ ముఖం మారింది. తుంగభద్ర ఆనకట్ట కాలువల వెంట కోస్తా నుంచి వచ్చిన తెలుగు రైతులు క్యాంపులు వేసుకున్నారు. సిరుగుప్ప, కంప్లి వైపు ఇప్పటికీ ఊరి పేరు చివర క్యాంపు అని ఉంటుంది. 1961లో బళ్లారిలో వైద్య కళాశాల వచ్చింది. అది విమ్స్ పేరుతో ఆలూరు, రాయదుర్గం, గుంతకల్లు వైపు పల్లెలకు కూడా పెద్దాసుపత్రి అయింది. ‘బళ్లారికి తీసుకుపోండి’ అన్నారంటే కేసు చేయి దాటిందని ఈ వైపు జనానికి అర్థం.

అదే కాలంలో ఏఎన్‌ఎం (సహాయక నర్సు మంత్రసాని) అనే కొత్త మనిషి పల్లెకు వచ్చింది. మొదట ఆమె చదువులో ప్రసవమే ప్రధానం. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఆమెను బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్తగా మార్చమంది. టీకాలు, మలేరియా, రిజిస్టర్లు, అన్నిటికీ మించి కుటుంబ నియంత్రణ లక్ష్యాలు ఆమె నెత్తిన పడ్డాయి. ఆపరేషన్ కేసులు ఎన్ని తెచ్చావని అడిగారేగానీ ఎన్ని పురుళ్లు పోశావని అడిగినవాళ్లు తక్కువ. పురుడు పోయని చేతికి ఆ పని మరుపు వచ్చేస్తుంది. మన దేశంలో మంత్రసాని విద్య ప్రభుత్వ వ్యవస్థలోనే బలహీనపడటం ఇక్కడే మొదలైందని నేననుకుంటాను. ఆసుపత్రులు పెరగడం కంటే ఈ నిర్ణయం చేసిన నష్టం ఎక్కువ.

అటు పల్లె దాయీలకు శిక్షణ మొదలైంది. శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డు మీద ఏమీ పూయకపోవడం. ఈ అయిదూ నేర్పారు, చిన్న పొట్లంలో కిట్టు ఇచ్చారు. తల్లికి ధనుర్వాతం టీకా తోడైంది. పురిటి ధనుర్వాతాన్ని నిర్మూలించిన తొలి రాష్ట్రంగా 2003లో ఆంధ్రప్రదేశ్‌కు గుర్తింపు దక్కింది, 2015లో దేశమంతా ఆ గీత దాటింది. ఇందులో పల్లె దాయీల పాలు ఉంది. కానీ నెత్తురు ఆగనప్పుడు, గుర్రపువాతం వచ్చినప్పుడు శిక్షణ ఒక్కటే తల్లిని కాపాడలేదని, వెనుక ఆసుపత్రి కావాలని ప్రపంచమంతా తేలింది. అందుకని ఆ ఆసుపత్రిని దాయీ వెనుక నిలబెట్టకుండా ఆమెనే తీసేశారు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ మంత్రసానుల, ప్రసూతి వైద్యుల సంఘాలు కలిసి చేసిన నిర్వచనంలో నైపుణ్యం ఉన్న సహాయకుల జాబితాలో సంప్రదాయ మంత్రసానికి చోటు లేదు.

ఆ జాబితాకు అందని ఒక మనిషి గురించి ఇక్కడ ఆగి చెప్పాలి. బళ్లారికి దక్షిణాన, మూడు వైపులా అనంతపురం సీమ చుట్టుకున్న పావగడ తాలూకా కృష్ణాపురంలో సూలగిత్తి నరసమ్మ ఉండేది. తుమకూరు జిల్లా వాసి, తల్లిభాష తెలుగు. బడి ముఖం చూడలేదు. చిన్నతనంలోనే పెళ్లి, 12 మంది పిల్లలు. ఆమె సొంత కాన్పుల్లో కొన్నిటికి పురుడు పోసిన అవ్వ మారిగెమ్మ దగ్గరే పని నేర్చుకుంది. 1940లో, ఇరవై ఏళ్ల వయసులో తొలి పురుడు పోసింది. ఆ తర్వాత దాదాపు ఏడు దశాబ్దాల్లో 15,000కు పైగా కాన్పులు చేసిందని చెబుతారు. ఎవరి దగ్గరా పైసా అడగలేదు. పొట్ట తాకి బిడ్డ ఎలా ఉందో చెప్పేది, దేశవాళీ మందులు తానే నూరుకునేది, ఎంతోమందికి ఆ పని నేర్పింది. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదే డిసెంబరు 25న, 98 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది.

పద్మశ్రీ ఇవ్వడం మంచిదే. ఆమె బతికుండగా ఆమె చేతుల్లోని విద్యను ఏ నర్సింగ్ పాఠంలో చేర్చారు? ఎన్ని కాన్పుల్లో ఆమె ఆసుపత్రికి పంపింది, ఏ గుర్తు చూసి పంపింది, ఎప్పుడు ఆగింది, ఎప్పుడు ఆగలేదు అన్నది ఆమె పక్కన కూర్చుని రాసుకుని ఉంటే అది శాలువా కప్పడం కంటే పెద్ద గౌరవం అయ్యేది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇంట్లో పురుడు ఎక్కువగా జరిగిన కాలంలో ఉత్తర కర్ణాటకలోనే రెండు చక్కటి పరిశోధనలు జరిగాయి. బళ్లారికి ఆనుకున్న కొప్పళ జిల్లాలో గీతా సేన్, ఆశా జార్జ్ వంటివారు తల్లుల మరణాలను ఇంటింటా విచారించారు. తల్లులు సాయం కోరక చనిపోలేదు. దాయీ దగ్గరికి, ఊరి సూది డాక్టరు దగ్గరికి, ఆరోగ్య కేంద్రానికి, పెద్దాసుపత్రికి తిరిగి తిరిగి పోయారు. నొప్పులు త్వరగా రావాలని ఇంట్లోనే ఆక్సిటోసిన్ సూదులు పొడిపించే అలవాటు కూడా బయటపడింది. కొలత లేకుండా ఇస్తే అది గర్భసంచిని చీల్చగలదు. రెండో పరిశోధన బెళగావి పల్లెల్లో జరిగింది. ఇంట్లో, ఉపకేంద్రంలో ఏఎన్‌ఎంలు చేసిన 1,620 కాన్పుల్లో సగం మందికి మిసోప్రోస్టాల్ మాత్రలు, సగం మందికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. కాన్పు తర్వాతి రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గింది. 2006లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. శిక్షణ ఉన్న చేయి, గదిలో నిలవ ఉండే ఒక మాత్ర ఎంత పని చేయగలవో మన పల్లెల్లోనే రుజువైంది.

తర్వాత వరదలా వచ్చింది మార్పు. 2005లో ఆసుపత్రి కాన్పుకు నగదు సాయమిచ్చే జననీ సురక్షా యోజన వచ్చింది, ఆశా కార్యకర్తలు వచ్చారు. అదే ఏడాది ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 108 బండ్లు కదిలాయి, 2008లో కర్ణాటకలోనూ మొదలయ్యాయి. అక్కడ బాలింతకూ బిడ్డకూ మడిలు కిట్టు, చూలింతకు తాయి కార్డు వచ్చాయి. కర్ణాటకలో 1998–99 సర్వేలో సగం కాన్పులే ఆసుపత్రిలో జరిగాయి. 2019–20 నాటికి 97 శాతానికి చేరాయి. 1 లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2001–03లో 228 ఉండగా 2018–20లో 69కి దిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఒక్క తరంలో ఇంత మంది తల్లులు బతకడం మామూలు సంగతి కాదు. ఇంటి పురుడు గురించి ప్రేమగా మాట్లాడే ఎవరైనా ముందు ఈ అంకెలకు నమస్కరించాలి.

ఆ తర్వాతే మిగతాది అడగాలి. అదే 2019–20 సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, కర్ణాటకలో 31.5 శాతం కాన్పులు కోత కాన్పులే. ప్రసవ గదిలో తల్లిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెడతారు, అరిస్తే కసురుతారు. అమ్మనూ అత్తనూ తలుపు బయటే ఆపుతారు. నడవనివ్వరు. సూతికాగారంలో ఉండాలన్న విసుగులేని మనిషి అక్కడ లేదు.

2024 నవంబరులో బళ్లారి ప్రభుత్వాసుపత్రిలో సిజేరియన్లు చేయించుకున్న బాలింతలకు ఉన్నట్టుండి మూత్రపిండాలు చెడ్డాయి. అయిదుగురు తల్లులు చనిపోయారు. నరానికి ఎక్కించిన సెలైన్ ద్రవం మీద అనుమానం రావడంతో ప్రభుత్వం దాని సరఫరా ఆపింది, విచారణకు దిగింది. ఆ తల్లులు ప్రభుత్వం చెప్పినట్టే చేశారు. ఆసుపత్రికి వచ్చారు. ఆసుపత్రి గడప తొక్కించడమే గమ్యం అనుకుంటే ఎక్కడ ఆగిపోతామో ఆ చావులు చూపించాయి.

ఇప్పుడు ఈ సీమలో ఎవరైనా ఇంట్లో కంటామంటే ఏమనాలి? ఇంగ్లండ్‌లో 2011లో వచ్చిన జన్మస్థల పరిశోధన 64,000కు పైగా తక్కువ ప్రమాదమున్న కాన్పులను చూసింది. రెండో కాన్పు, ఆపై కాన్పు అయినవాళ్లకు ఇంట్లో కన్నా ఆసుపత్రిలో కన్నా బిడ్డకు ముప్పులో తేడా కనబడలేదు. తొలి కాన్పు వాళ్లకు మాత్రం బిడ్డకు తీవ్ర ఇబ్బందులు ఆసుపత్రిలో 1,000కి 5.3 ఉండగా ఇంట్లో 9.3 అయ్యాయి. ఇంట్లో మొదలుపెట్టిన తొలి కాన్పుల్లో 45 శాతం మందిని ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. అక్కడ మంత్రసానికి లైసెన్సు ఉంటుంది, సంచిలో మందులుంటాయి, ఫోను చేస్తే బండి వస్తుంది, ఆసుపత్రి ఆమె మాట నమ్ముతుంది. ఆ గొలుసులో ఒక్క కొక్కెం లేకపోయినా ఆ అంకెలు మనకు వర్తించవు. పుట్టింటికి తొలి కాన్పుకే వెళ్లే మన ఆచారం, సరిగ్గా ఆ పరిశోధన జాగ్రత్త పడమన్న కాన్పునే ఇంటికి తెస్తోంది. 2018లో తమిళనాడు తిరుప్పూరులో వీడియోలు చూసి ఇంట్లో కన్న ఒక తల్లి నెత్తురు ఆగక చనిపోయింది. మంత్రసాని లేని ఇంటి పురుడును సంప్రదాయం అనడం తప్పు. మన అవ్వలెవరూ అలా కనలేదు.

కాబట్టి ఇవాళ సరిహద్దుకు ఆంధ్ర వైపున హొళగుంద, హాలహర్వి దగ్గరి పల్లెలో ఉన్న చూలింతకు నేను ఇంటి పురుడు చెప్పలేను. సరైన ప్రణాళిక మాత్రం చెప్పగలను. తొమ్మిదో నెల రాకముందే రెండు రాష్ట్రాల కాగితాలూ ఒకే సంచిలో ఉండాలి. హిమోగ్లోబిన్ ఎంతో, రక్తం గ్రూపు ఏదో, ఆ గ్రూపు రక్తం ఇచ్చే ఇద్దరి ఫోన్ నంబర్లేమిటో ఇంటి గోడ మీద రాసి ఉండాలి. కాన్పు తర్వాత నెత్తురు ఆగకపోతే రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. ఆదోనికి పోవాలా బళ్లారికి పోవాలా అన్నది ఆ రెండు గంటల్లో తేల్చుకునే విషయం కాదు. 108 బండి రాష్ట్ర సరిహద్దు దగ్గర తటపటాయించకుండా రెండు జిల్లాల ఆరోగ్యాధికారులు రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. కవలలు, ఎదురుకాళ్ల బిడ్డ, పాత సిజేరియన్, రక్తపోటు ఉన్నవాళ్లు నొప్పులకు ముందే పెద్దాసుపత్రి ఉన్న ఊరికి చేరాలి.

మంత్రసాని విద్య తిరిగి వస్తోంది, నెమ్మదిగా. హైదరాబాద్‌లో 1948లో మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011 నుంచి వృత్తి మంత్రసానులను తయారుచేస్తోంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆ సంస్థతో, యూనిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మంత్రసాని సేవల మార్గదర్శకాలు ఇచ్చింది. మంత్రసానులే నడిపే ప్రసవ కేంద్రం పెద్దాసుపత్రి ఆవరణలోనే ఉండాలన్నది వాటి సారం. ఇబ్బంది లేని కాన్పు ఆమె చేతుల మీద, ఇబ్బంది వస్తే పది అడుగుల దూరంలో ఆపరేషన్ థియేటరు. బళ్లారికి ఇలాంటి పని కొత్త కాదు. 2012–13లో బళ్లారి, గుల్బర్గా జిల్లాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు మెంటర్ నర్సులు వెళ్లి, అక్కడి నర్సుల పక్కన నిలబడి పని నేర్పారు. ఆ కేంద్రాల్లో మందులు, పరికరాలు, సన్నద్ధత మెరుగుపడ్డాయి. కానీ అలాంటి ప్రాజెక్టు అయిపోతే ఆ నర్సులూ వెళ్లిపోతారు. బళ్లారి పెద్దాసుపత్రిలో, సిరుగుప్ప, ఆదోని ప్రభుత్వాసుపత్రుల్లో మంత్రసాని అన్న హోదాతో, బదిలీ చేసి వేరే వార్డులో వేయకూడదన్న షరతుతో, తెలుగూ కన్నడమూ రెండూ వచ్చిన నర్సులకు శాశ్వత పోస్టులు ఇవ్వాలి. సండూరు, కూడ్లిగి తండాల నుంచి వచ్చే లంబాడీ చూలింతలకు వాళ్ల మాట తెలిసిన మనిషి కూడా ఆ గదిలో ఉండాలి. ఊళ్లలో మిగిలిన కొద్దిమంది ముసలి దాయీలను ఆ కేంద్రాలకు పిలిపించి, ఒళ్లు పట్టడం, నడిపించడం, ధైర్యం చెప్పడం కొత్త నర్సులకు నేర్పమని అడగాలి. అందుకు వాళ్లకు కూలి కట్టాలి, ఈసారి చాటలో జొన్నలతో కాకుండా ఖజానా నుంచి జీతంగా.